హీబ్రూల గట్ల లేదు

ఇషాక్ సార్‌కు ఒకటే జబ్బు. ఏ కథనూ చివరిదాకా చెప్పడు. సగంలో లేచి నిలబడతాడు. "ఆగుండ్రి, హీబ్రూల గట్ల లేదు."

బోధన్‌లో ఉర్దూ మాస్టారుగా రిటైరయ్యాక, ఒకే ఒక్క పాత కథ కోసం ఆయన ఫోన్‌లో హీబ్రూ నేర్చుకున్నాడు. రాజు కొడుకు మీద రాణి నింద వేస్తుంది. ఏడు రోజులు నోరు విప్పొద్దని అతనికి గురువు ఆజ్ఞ. రాజు ఉరి అంటాడు. రోజుకో మంత్రి వచ్చి, కథ చెప్పి ఉరి ఆపుతాడు. అరబ్బీ, ఫార్సీలు తిరిగి యూదుల చేతికొచ్చిన ఆ కథ ఒక్కో రాతప్రతిలో ఒక్కోలా ఉందట. అందుకే సార్ కుదురుగా కూర్చోలేడు. పెళ్లి విందుల్లో ప్లేటు పట్టుకుని ప్రతుల తేడాలు చెబుతూ తిరుగుతాడు. బిర్యానీ చల్లారిపోతుంది, వినేవాళ్లు పక్క బల్లకు మారిపోతారు.

ఈ మధ్య ఎవరో తూము మూయక మా చెరకు తోటలో నీళ్లు పారాయి. కోత దగ్గర పడ్డాక తడి తగిలితే గడలో తీపి పోతుంది. నాన్న మా జీతగాడు ముత్తన్న మీద విరుచుకుపడ్డాడు. ముత్తన్న తల వంచుకుని నిలబడ్డాడే కానీ ఒక్క మాట అనలేదు.

"ఇవాళే వాణ్ణి పనిలోంచి తీసేస్తాను," అంటూ నాన్న చెప్పులేసుకున్నాడు.

టీకి వచ్చిన సార్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "తీసెయ్ రత్తయ్యా. ఒక్క కథ ఇని తీసెయ్."

"మీ కథకి మొదలే కానీ చివరుండదు మాస్టారూ."

"తొందరేమున్నది? చివరికి పోతే ఉరే గదా."

చీకటి పడేదాకా మంత్రులు మా హాలంతా తిరిగారు. నాన్న చెప్పులు విప్పి, "రేపు తీసేస్తాను," అన్నాడు. మర్నాడూ అదే మాట. మూడోనాడు సార్ ఆలస్యమైతే నాన్నే వాకిట్లో పచార్లు చేశాడు.

ఆరోజు సార్ వంటింటి వైపు తిరిగి గొంతు పెంచాడు. "చానా భాషలల్ల కడకు రాణికి శిక్ష పడ్తది. హీబ్రూల గట్ల లేదు. నిజం బయటవడ్డంక ఆమెను మాఫ్ చేస్తరు."

అమ్మ గరిటెతోనే బయటికొచ్చింది. "తూము తెరిచింది నేనండీ. గోంగూర మడికని తెరిచి, మూయడం మరిచాను. ముత్తన్న చూశాడు. మీ కోపానికి జడిసి నేను నోరెత్తలేదు."

నాన్న సార్ వంక చూశాడు. "మీకు ముందే తెలుసా?"

"మడి తడిగుండె. గని చెప్పాల్సింది నాగకుమారి చెల్లె గదా," అంటూ సార్ అమ్మ వైపు చూశాడు.

సాయంత్రం నాన్న ముత్తన్న ఇంటికి వెళ్లాడు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు చేతకాదు. అందుకని గంటసేపు రాజు కథ చెప్పాడట. ముత్తన్న ఓపిగ్గా విని, "పటేలా, గా రాజు తనది తప్పయిందని అన్నడా లేదా?" అన్నాడట.

"అన్నాడు," అన్నాడట నాన్న.