వెనకపేజీ లాయరమ్మ

ఆవిడ ఏ కాగితాన్నైనా చివరి పేజీ నుంచి మొదలుపెట్టి ముందుకు చదువుతుంది. అదేంటమ్మా అంటే, "మొదటి పేజీలో అందరూ మంచివాళ్ళేనండీ, అసలు బుద్ధి వెనక పేజీలో బయటపడుతుంది" అంటుంది. పంతొమ్మిదేళ్ళు ఒక పెద్ద బ్యాంకు లీగల్ సెక్షన్‌లో కూర్చుని ఇలాగే చదివీ చదివీ వెనకపేజీ లాయరమ్మ అని పేరు తెచ్చుకుంది. ఎదురుగా ఉంటే మేడం, అటు తిరిగితే వెనకపేజీ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసి నవ్వుకునేది.

అలాంటి మనిషి నలభై ఆరో ఏట, బంగారం లాంటి ఉద్యోగం వదిలేసి సొంత ప్రాక్టీసు పెడతాననేసరికి లెక్కల మాస్టారైన వాళ్ళాయన దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టేశాడు.

"ఎవరైనా ఏమైనా అన్నారా?" అన్నాడు.

"ఎవరూ ఏమీ అనలేదు. నేను రాసిన కాగితాల మీద ఇన్నేళ్ళలో కొన్ని వేలమంది సంతకాలు పెట్టారు. వాళ్ళలో ఒక్కరి మొహమైనా నేను చూడలేదు. నాకు విసుగొచ్చింది."

"మొహాలు చూడ్డానికి ఉద్యోగం మానాలా?"

అప్పుడు అత్తగారు అందుకుంది. "ఊరుకోరా! చేయాలనిపించింది, చేస్తుంది. నిన్ను చేసుకున్నప్పుడు మాత్రం అన్నీ ఆలోచించే చేసుకుందా?"

ఇక మాస్టారు ఏమంటాడు? కళ్ళద్దాల కొట్టు పైన రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. లోపలి గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, తలుపు సరిగా పడని ఇనప బీరువా. ముందు గదిలో ఒక బెంచీ, దాని మీద అత్తగారు. ఆవిణ్ణి ఎవరూ పనిలో పెట్టుకోలేదు. మొదటిరోజు ఆఫీసు చూస్తానని వచ్చింది, మర్నాడు పదింటికల్లా కళ్ళజోడు తుడుచుకుంటూ మళ్ళీ వచ్చి కూర్చుంది. మెట్లెక్కి వచ్చిన ప్రతివాణ్ణీ ముందు మంచినీళ్ళు తాగమనేది, తర్వాత "మీరు దావా వేసేవాళ్ళా, వేయించుకునేవాళ్ళా?" అనేది. కోడలు నెత్తీ నోరూ కొట్టుకుని, "అత్తయ్యా, మన దగ్గర దావాలుండవు. బీమా వాళ్ళు, షేర్ల వాళ్ళు, చిన్న చిన్న ఫైనాన్సు కంపెనీల వాళ్ళు వస్తారు. సొంతంగా లీగల్ సెక్షన్ పెట్టుకునే స్తోమత లేనివాళ్ళు. వాళ్ళ ఒప్పందాలు రాస్తాం, కొత్త రూల్స్ వస్తే విడమరిచి చెబుతాం, అంతే" అంది. "అంటే దావా రాకుండా చూస్తామన్నమాట. అలా చెప్పొచ్చుగా!" అంది అత్తగారు. నన్నడిగితే ఆ వృత్తిని అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

రావాల్సినవాళ్ళు మాత్రం రాలేదు. నెలన్నర తర్వాత వచ్చాడు మొదటి క్లయింటు. బీమా బ్రోకరు. మనిషి చిన్నవాడే గానీ గొంతు మాత్రం వీధి చివరికి వినబడుతుంది. ఆయన కింద నూటపన్నెండుమంది ఏజెంట్లు ఇల్లిల్లూ తిరిగి పాలసీలు అమ్ముతారు. వాళ్ళతో రాసుకునే ఒప్పందం నాలుగు రోజుల్లో కావాలన్నాడు. లాయరమ్మ రెండు రోజుల్లో ఇచ్చింది.

ఎలా ఇచ్చిందంటారా? లాయర్లెవరూ తెల్లకాగితం మీద మొదలుపెట్టరు. పాతది తీస్తారు, పేర్లు మారుస్తారు, అక్కడక్కడా చెక్కుతారు. ఈవిడా బ్యాంకులో ఉన్నప్పుడు వాళ్ళ ఏజెంట్ల కోసం తనే రాసిన నమూనా తీసింది. బ్యాంకు ఉన్నచోటల్లా బ్రోకరు కంపెనీ పేరు పెట్టింది, షరతులు సవరించింది, మొదటి నుంచి ఒకసారి చదివి పంపించేసింది. ప్రపంచంలో అందరి కాగితాలూ వెనక నుంచి చదివే మనిషి తన కాగితాన్ని అలా చదవలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు మరి!

నాలుగు నెలలు గడిచాయి. బ్రోకరు నెలనెలా ఏదో ఒక పని ఇస్తున్నాడు. వేరే క్లయింటు లేడు. ఆఫీసు నడుస్తోందంటే ఆయన చలవే.

ఒకరోజు బ్రోకరు ఫోన్ చేశాడు. "మేడం, ఒక ఏజెంటుని తీసేస్తున్నాను. చేతికొచ్చిన బేరాన్ని, మీకు ఈ పాలసీ అక్కర్లేదని చెప్పి వదిలేసిందట మహాతల్లి! నోటీసిచ్చాను. ముప్ఫై రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వకపోతే ఒప్పందం రద్దని మీరే రాశారుగా. నిన్నటితో ముప్ఫై అయ్యాయి, జవాబు లేదు. ఆఖరి ఉత్తరం రాసివ్వండి."

"అలాగే, రేపిస్తాను" అంది లాయరమ్మ.

ఆ సాయంత్రమే బ్యాంకు నుంచి ఇంకో ఫోను. ఇప్పుడు తన కుర్చీలో కూర్చుంటున్న అమ్మాయి. "మేడం, మీరు కూర్చున్న చోటికి ఒక కవరొచ్చి మూడు వారాలైంది. ఎవరిదో తెలియక సొరుగులో పెట్టాను. ఇవాళ సర్దుతుంటే కనబడింది. పైన బీమా కంపెనీ పేరుంది, మీరు ఇప్పుడు ఆ పని చేస్తున్నారు కదా అని..."

లాయరమ్మ ఫోను పెట్టేసింది. బీరువా తలుపు రెండు చేతులతో లాగి ఒప్పందం తీసింది. చివరి పేజీ. "జవాబులు, ఫిర్యాదులు పంపవలసిన చిరునామా" అని ఉన్నచోట, పైన బ్రోకరు కంపెనీ పేరు, కింద తను ఇదివరకు కూర్చున్న బ్యాంకు మూడో అంతస్తు. పేరు మార్చింది, చిరునామా మార్చలేదు. నూటపన్నెండు ఒప్పందాల్లోనూ అదే.

ఆటో ఎక్కి వెళ్ళి ఆ కవరు తెచ్చుకుంది. ఏజెంటు జవాబు. నోటీసందిన తొమ్మిదో రోజునే ఇచ్చింది. ఆ ఇంటాయనకి అదే పాలసీ అప్పటికే ఒకటి ఉందనీ, రెండోది అంటగట్టడానికి మనసొప్పలేదనీ గుండ్రటి అక్షరాలతో రాసింది.

ఈ సంగతి ఈవిడకి తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే బ్రోకరు సంతోషిస్తాడు, ఆఫీసు నిలుస్తుంది, ఒక్క ఏజెంటు పోతుంది. నోరు తెరిస్తే ఉన్న ఒక్క క్లయింటూ పోతాడు. పోయినవాడు ఊరుకుంటాడా? ఆ గొంతుతో ఊరంతా చాటుతాడు.

ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పింది. అత్తగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. తర్వాత, "నిజం చెప్పు, ఆ పిల్ల ఎవరో నీకు తెలుసా?" అంది.

"తెలియదత్తయ్యా. ఎప్పుడూ చూడలేదు."

"మరి మొహాలు చూస్తానని కదే, ఉద్యోగం మానేశావు!"

కోడలికి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. అత్తగారి దగ్గర దాపరికమేముంది?

పొద్దున్నే బ్రోకరు ఆఫీసుకెళ్ళి, ఒప్పందం, కవరూ ఆయన ముందు పెట్టి, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "తప్పు నాది. మన కాగితం ఎక్కడివ్వమంటే ఆవిడ అక్కడే ఇచ్చింది, గడువులోపే ఇచ్చింది. కాబట్టి ఒప్పందం రద్దు కాలేదు. ఆవిణ్ణి తీసేయకూడదు."

బ్రోకరు మొహం ఎర్రబడింది. "మీరు ఎవరి లాయరండీ?"

"మీ లాయర్నే. అందుకే ముందు మీకు చెబుతున్నాను."

"మీరు చెప్పకపోతే ఎవడికి తెలుస్తుంది?"

లాయరమ్మ నీళ్ళు నమల్లేదు. "ఆవిడకి తెలుసండీ. తను జవాబిచ్చానని ఆవిడకి తెలుసు. మిగిలిన నూటపదకొండుమందికీ రేపు చెబుతుంది."

బ్రోకరు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. ఏం తిట్టాలో తోచక ఒప్పందాన్ని బల్లకేసి కొట్టాడు. ఆ తర్వాత ఏజెంటుని పిలిపించాడు. "ఏం జరిగిందో మీరే ఆవిడకి చెప్పండి. నేను చెప్పను" అన్నాడు.

ఏజెంటు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. భుజాన బరువైన సంచి, ఎండకి కమిలిన మొహం. కూర్చోమన్నా కూర్చోలేదు. లాయరమ్మ లేచి నిలబడే చెప్పింది, క్షమించమని అడిగింది.

ఏజెంటు మధ్యలో అడ్డుపడకుండా అంతా వింది. "ఆ కాగితం రాసింది మీరాండీ? పోస్టులో వేస్తే ఎక్కడ పోతుందోనని రెండు బస్సులు మారి నేనే వెళ్ళి ఇచ్చానండీ. అక్కడ గుమస్తా, ఇది బ్యాంకమ్మా, ఆ కంపెనీ ఇక్కడ లేదు పొమ్మన్నాడు. లేకపోవడమేంటండీ, కాగితంలో ఉంది కదా అని వేలుపెట్టి చూపించాను. తీసుకుని ముద్ర కొట్టేదాకా కదల్లేదు. కాగితంలో ఉంటే ఉన్నట్టే కదండీ?"

లాయరమ్మ కవరు మీది ముద్రని మరోసారి చూసింది. పంతొమ్మిదేళ్ళలో తను రాసిన మాటని ఒక మనిషి ఇంతలా నమ్మిందని మొదటిసారి చెవులారా విన్నది. సిగ్గేసింది. ఆ పిల్ల మీద ముద్దూ వచ్చింది.

బ్రోకరు గొంతు సవరించుకున్నాడు. "సరే సరే! నువ్వు రేపట్నుంచి పనిలోకి రా" అన్నాడు. లాయరమ్మ వైపు తిరిగి, "మీరు కొత్త ఒప్పందం రాయండి. ఫీజు ఇవ్వను. నా దగ్గరికి తెచ్చేముందు ఈవిడ చేత చదివించండి. అర్థం కాలేదందా, నేను సంతకం పెట్టను" అన్నాడు.

ఆ వారం ఏజెంటు కళ్ళద్దాల కొట్టు మెట్లెక్కి వచ్చింది. అత్తగారు మంచినీళ్ళిచ్చింది, దావా మాటెత్తలేదు. లోపలి గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఏజెంటు ఒక్కో వరుసకీ వేలానించి, పెదాలు కదుపుతూ చదువుతోంది. రెండు గంటలు పట్టింది. లాయరమ్మ తొందరపెట్టలేదు, ఆ మొహాన్నే చూస్తూ కూర్చుంది. ఐదో పేజీలో వేలు ఆగింది.

"ఈ షరతు నాలుగుసార్లు చదివానండీ. దీనివల్ల ఎవరికి మంచిది?"

లాయరమ్మ కాగితం తనవైపు తిప్పుకుంది. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి ఒప్పందంలోనూ పెడుతున్న షరతు అది. ఒకసారి చదివింది, రెండోసారి చదివింది.

"ఎవరికీ కాదమ్మా" అని కలం మూత తీసి కొట్టేసింది. "తర్వాతది చదువు."