పెదనాన్న కారు చోక్

పోయిన నెల ఒక బుధవారం పొద్దున్న మా పెదనాన్న ఆసుపత్రిలో కన్నుమూశారు. ఉస్లాపూర్ నుంచి నేను చేరేసరికే దుప్పటి మొహం మీదికి కప్పేశారు. ముప్ఫై ఏళ్లకు పైగా బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా పనిచేసిన మనిషి. ఆ రోజుల గురించి చెప్పగలిగినవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది ఆయన ఆఖరి చలికాలం.

రిటైరయ్యాక సిర్గిట్టిలో తుక్కు కింద పడివున్న రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారొకటి కొని, మూడేళ్లు కష్టపడి నడిచేలా చేశారు. ఆదివారాలు పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని రాజ్‌కిశోర్ నగర్ వీధులన్నీ తిప్పేవారు. చలి పొద్దుల్లో డాష్‌బోర్డు మీదున్న చోక్ నాబ్ బయటికి లాగితే గాని అది స్టార్టయ్యేది కాదు. ఇంజన్ వేడెక్కగానే చోక్‌ను లోపలికి తోసేసేవారు. "సాయమైనా ఎంతసేపు కావాలో అంతసేపే సెయ్యాలే. ఎక్కువైతే ఊపిరాడదు" అనేవారు.

తర్వాత చేతులకు వణుకు వచ్చింది. స్పానర్ పట్టలేకపోయారు. కారు ఏడాది పాటు పెరట్లో రేకుల కిందే ఉండిపోయింది. ఈ చలికాలంలో ఒకరోజు ఫోన్ చేశారు.

"చోక్ బిగుసుకుపోనాదే అమ్మీ. నా సేతులు నా మాట ఇనట్లేదు. ఓపాలి వొస్తావేటి?"

ఎవర్నీ ఏదీ అడగని మనిషి. వెళ్లాను. బ్యాంకులో పని చేసేదాన్ని, నాకు స్క్రూడ్రైవర్ సరిగ్గా పట్టడం కూడా రాదు. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే, కార్బురేటర్ దగ్గర చోక్ తీగ విప్పి, అది నడిచే గొట్టంలోకి చుక్కచుక్కగా నూనె వదిలాను.

"బలం సూపకే. ఎక్కడ పట్టీసిందో ముందు సూడు" అన్నారు.

డాష్‌బోర్డు దగ్గరికొచ్చి లాగితే నాబ్ కొంచెం కదిలింది. ఆశపడి గట్టిగా లాగాను. పుటుక్కున తీగ తెగి, నాబ్ నా చేతిలోకి వచ్చేసింది. ఆయన లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఒగ్గీయే. లోపలంతా తుప్పట్టీసింది. నానే సూసుకోవాల్సింది" అంటూ వణికే చేతులను తుండుగుడ్డ కింద దాచుకున్నారు.

సిర్గిట్టిలో ఒక వర్క్‌షాపు వాళ్లు గొట్టంతో సహా కొత్త తీగ చేసిచ్చేనాటికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. దాన్ని అక్కడికే పట్టుకెళ్లాను. చేతికిస్తే వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. అప్పుడు ఆయన చెవి దగ్గర పెట్టి, తీగను గొట్టంలోంచి మెల్లగా బయటికి లాగి, మళ్లీ లోపలికి తోశాను. కళ్లు మూసుకుని విన్నారు.

"అచ్ఛా... ఇంకోపాలి" అన్నారు.

ఆయన నిద్రపోయేదాకా లాగుతూ, తోస్తూ ఉన్నాను. అంతకన్నా నేను చేయగలిగింది లేదు.

కర్మకాండలు అయ్యాక తీగ బిగిద్దామని కారు దగ్గరికి వెళ్లాను. గొట్టం ఏ దారిన పోవాలో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అడుగుదామంటే ఆయన లేరు. పెద్దమ్మ వచ్చి కాసేపు చూసింది. డాష్‌బోర్డులో నాబ్ ఉండాల్సిన చిల్లులోకి కందిరీగలు దూరకుండా పాత చీర ముక్క ఉండచుట్టి దోపింది. అది ఊడిపోకుండా బొటనవేలితో అదుముతూ, అలాగే నిలబడిపోయింది.