రెండు గడియారాల బ్రదర్

"మీ గడియారం ముల్లు ఆగి ఆగి నడుస్తోంది. దాంతో లెక్కపెడితే మా పాప ఊపిరి లెక్క తప్పిపోదూ?" నా భయం పైకే అనేశాను. పిల్లల ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అతన్ని అందరూ బ్రదర్ అంటారు. ఇస్త్రీ చొక్కా, అరిగిన చెప్పులు, ఎడమ చేతికి మాత్రం కోటీశ్వరులు పెట్టుకునే కంపెనీ పేరున్న బంగారు రంగు గడియారం. అది నకిలీదని తెలిసినవాళ్లతో అతనే చెప్తాడు. ఏటా పేవ్‌మెంటు మీద అరచేతిలో తూచి చూసి బరువైనదే కొంటాడు, తేలికైతే దొరికిపోతామంటాడు. ముల్లు మొరాయిస్తే గోటితో రెండు దెబ్బలు వేస్తాడు.

నా మాటకు పక్కనే తుడుస్తున్న ఆసుపత్రి ఆయా నవ్వింది. "చెప్పు బ్రదర్, నీ బంగారంలో టైమెంతయిందో!"

అతను నొచ్చుకోలేదు. "ఇది టైము కోసం కాదమ్మా. ఇది లేనప్పుడు 'డాక్టరు లేరా?' అని బిడ్డను వెనక్కి లాక్కునేవాళ్లు. ఇప్పుడు చేతికిస్తున్నారు. ఎక్కడ కొన్నావని కూడా అడుగుతున్నారు," అంటూ జేబులోంచి పట్టీ తెగిన ప్లాస్టిక్ గడియారం తీశాడు. జలుబుతో ఎగిరిపడుతున్న మా ఎనిమిది నెలల పాప పొట్ట మీద చూపు నిలిపి, నిండా నిమిషం లెక్కపెట్టాడు.

"ముప్పై ఎనిమిది. భయం లేదు."

ఇంట్లో గంటగంటకూ లెక్కపెట్టి నేను గీసిన గ్రాఫు చూపించాను. మర్యాదగా మడిచి తిరిగిచ్చాడు. "పాప నిద్రపోయాక ఒక్కసారి లెక్కపెట్టండమ్మా, నిండా నిమిషం. తర్వాత మీరూ పడుకోండి."

ఇప్పుడు అలాగే చేస్తున్నాను. మొదటిది రోజూ, రెండోది అప్పుడప్పుడూ.