పన్నెండు గుండ్లు, ఒక క్రాపు

ఊళ్ళో అందరికీ ఏ ఉద్యోగంలో చేరాలో చెప్పగలిగి, నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో మాత్రం నాకే తెలియని రోజులవి. ఆ రోజుల్లో నా మెడలో 'కెరీర్ కౌన్సెలర్' అని రాసిన ట్యాగు ఒకటి వేలాడుతుండేది. (ఇంగ్లీషులో ఉంది కనుక మా అమ్మ దాన్ని బ్యాంకు ఉద్యోగమనే చుట్టాలకు చెప్పుకుంది.) తిరువళ్ళూరులో ఒక శిక్షణ కేంద్రం మాది. ప్లస్ టూ అయిన పిల్లల్ని పోగుచేసి, కారు విడిభాగాలు చేసే కంపెనీలో రెండేళ్ళ ట్రైనింగుకు చేర్పించడం మా పని. నేను చదివింది చరిత్రలో బీఏ. అప్పటికి ఏ ఫ్యాక్టరీ గేటు లోపలా కాలు పెట్టినవాణ్ణి కాను. అయినా 'మెషీను మీద చెయ్యి కుదిరితే మీ బతుకే మారిపోతుంది' అని ఎంత ధాటిగా చెప్పేవాణ్ణంటే, ఒక్కోసారి నేనే చేరిపోదామా అనిపించేది. ఆ ఊపు రెండు నిమిషాల్లో దిగిపోయేదనుకోండి.

మా మేనేజరుని చాటుగా టార్గెట్ సార్ అనేవాళ్ళం. చేరిన రోజే ఆయన అరవంలో నాకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేశారు. మూడు నెలల్లో పన్నెండు మందిని కంపెనీ గేటు దాటిస్తే నా ఉద్యోగం పర్మనెంటు. పదకొండు మందిని దాటిస్తే నేరుగా ఇంటికి. తిరుత్తణి చుట్టుపక్కల మన తెలుగు ఊళ్ళు చాలానే ఉన్నాయి కదా, మాట కలుస్తుందిలే అని అటు బయల్దేరాను. మాట కలిసింది, మనిషే కదల్లేదు. ఒక రైతు మామ నా కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి "గవర్మెంటుదా?" అని అడిగి, కాదనగానే దాంతో విసురుకోవడం మొదలుపెట్టాడు. ఇంకో ఇంట్లో ఒక తల్లి జీతం అడగలేదు, పని ఏమిటని అడగలేదు. "క్యాంటీన్లో పెరుగు ఏస్తారా?" అని అడిగింది. తెలియకపోయినా గడ్డపెరుగే అన్నాను.

నేతవాళ్ళ వీధిలో ఒక చురుకైన అమ్మాయి దొరికింది. ఏం పని వచ్చని అడిగితే, "మగ్గానికి కండెలు చుడతానన్నా, దారం తెగితే చూడకుండా ముడేస్తా" అంది. ఆ పూట నుంచి ఆమె మా అందరికీ కండెలమ్మాయి. ఆమె సిద్ధమే, వాళ్ళవ్వే ఒప్పుకోలేదు. "మెషీన్లో చెయ్యి పడితే ఎవురు నాయనా జవాబు?" అని పట్టుకుంది. ఏం చెప్పాలో తోచక, "సీటు వస్తే తలనీలాలిస్తామని తిరుత్తణి సామికి మొక్కుకోవ్వా. ఆయనే చూసుకుంటాడు. నేను చేర్చే పన్నెండు మందీ లోపలికి పోతే గుండు కొట్టించుకుంటానని నేనూ మొక్కుకున్నా" అనేశాను. (అప్పటికప్పుడు నోటికొచ్చిన మొక్కు అది. నా క్రాపు ఆ రోజుల్లో చూడదగ్గదే, దాన్ని ఇచ్చే ఉద్దేశం నాకేమీ లేదు.) అవ్వ మొహం విచ్చుకుంది. ఆ మాట చుట్టుపక్కల ఊళ్ళకు పాకి, మిగతా పదకొండు మంది కుర్రాళ్ళూ అదే మొక్కు మొక్కుకుని ఫారాలు నింపారు. నేను సంతకాలు పెట్టించుకుని మొక్కుల సంగతి మర్చిపోయాను.

ఇంటర్వ్యూ రోజున కంపెనీ ఆఫీసరు మా కేంద్రానికి వచ్చి అందర్నీ తీసుకున్నాడు. ముఖం చూసి హాజరు వేసుకునే యంత్రం ఒకటి వెంట తెచ్చాడు. అది పనిచేస్తుందో లేదో చూడ్డానికి ముందుగా నన్ను నిలబెట్టి, సున్నా నంబరు కింద నా ముఖం ఎక్కించాడు. తర్వాత ఒకటి నుంచి పన్నెండు దాకా పిల్లలు. వాళ్ళు వెళ్ళేముందు నేను వరసగా నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాను. వచ్చే సోమవారం పొద్దున పదిలోపల గేటు దగ్గర ఇదే యంత్రంలో ముఖం పడాలి, పడకపోతే ఆ సీటు వేరే జిల్లావాళ్ళకు పోతుంది. చేరినాక ఆర్నెల్లు లీవు మాట ఎత్తకూడదు. జుట్టు నీటుగా ఉండాలి.

సోమవారం తొమ్మిదింపావుకు గేటు ముందు బస్సు ఆగింది. దాంట్లోంచి పన్నెండు గుండ్లు దిగాయి. పచ్చగా గంధం పూసుకుని, ఎండకు మెరుస్తూ, ఒకదాని వెనక ఒకటి. చివర్న దిగింది కండెలమ్మాయి. నడుం దాకా ఉండే జడ లేదు. "ఏమైందే?" అన్నాను.

"ఆర్నెల్లు లీవు లేదంటిరి కదన్నా. మళ్ళా కొండకు ఎప్పుడు పొయ్యేది? నిన్న సామి నక్షత్రం కృత్తిక, అందరమూ పొయ్యి మొక్కు తీర్చేసినాము" అంది ఆ అమ్మాయి.

"జుట్టు గూడా నీటుగా ఉండాలంటిరి" అని వెనకనుంచి ఒకడు గుర్తుచేశాడు.

ఒక్కొక్కణ్ణే యంత్రం ముందు నిలబెట్టాం. ఒక్క ముఖాన్నీ అది ఒప్పుకోలేదు. 'ట్రై అగైన్' అని ఆడగొంతుతో మర్యాదగా అంటుంది, ఎర్రదీపం వెలిగిస్తుంది. గంధం తుడిచాం. కొళాయి కింద కడిగాం. ఒకడు ఫోటోలో నవ్వినట్టే నవ్వి చూశాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన జాబితాలో ఫోటోలు చూసి, వాళ్ళ తలలు చూసి, "ఇదు వేర ఆళు సార్" అని అందర్నీ వేరే మనుషులకింద తేల్చేశాడు. ఆఫీసరు ఫోన్ ఎత్తడు. తొమ్మిది నలభై అయింది. వాళ్ళ సీట్లూ నా ఉద్యోగమూ ఇరవై నిమిషాల్లో ఒకేసారి పోబోతున్నాయి. ఆ కంగారులో, "మీకు నిలబడటం కూడా రాదు, ఇట్లా నిలబడాలి, గడ్డం పైకి" అని నేనే వెళ్ళి దాని ముందు నిలబడ్డాను. పచ్చదీపం వెలిగింది. 'థ్యాంక్యూ, హాజరు నమోదైంది' అన్నట్టు ఏదో ఇంగ్లీషులో పలికింది. ఆ రోజు ఆ కంపెనీలో చేరిన ఒకే ఒక్క ట్రైనీని నేను.

అయితే దానివల్లే గట్టెక్కాం. లోపల కంప్యూటరులో సున్నా నంబరు మనిషి వచ్చినట్టు కనబడి, వాడెవడా అని ఆఫీసరు బయటికి వచ్చాడు. గుండ్లను వరసగా చూశాడు. "తిరుత్తణియా?" అన్నాడు. కండెలమ్మాయి "ఆమా సార్" అంటూ విభూతి పొట్లం చాచింది. ఆయన బూట్లు విడిచి, విభూతి పెట్టుకుని, సంగతంతా విన్నాడు. "లీవు లేదన్న మాటను ఇంత గట్టిగా పట్టుకున్న బ్యాచిని నేను చూడలేదు" అని అరవంలో అంటూ యంత్రం తెరిచి ముఖాలు మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టాడు. పదకొండు మంది లోపలికి పోయారు. ఆమె వంతు వచ్చేసరికి పదికి రెండు నిమిషాలు. అప్పుడాయన ఆగి నాకేసి చూశాడు. "మీరూ మొక్కుకున్నారని ఈ పాప చెబుతోందే. మరి మీ జుట్టేంటి, అట్లే ఉంది?"

గేటు అవతల పదకొండు గుండ్లూ నావైపు తిరిగాయి. నిజంగా సిగ్గేసింది. కండెలమ్మాయే అందుకుంది. "పన్నెండు మందీ లోపలికి పోతేనే కదా సార్ అన్న మొక్కు. నేనింకా బయటనే ఉండానే." ఆయన నవ్వి మీట నొక్కాడు. పచ్చదీపం వెలిగింది. లోపలికి పోతూ ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి, "ఇంక మీదేనన్నా, మర్చిపోవాకండి" అంది.

ఉద్యోగం పర్మనెంటు అయింది. వచ్చే కృత్తికకు కొండెక్కుదామనుకున్నాను. ఈలోపు పెళ్ళిచూపులు వచ్చాయి, గుండుతో ఎట్లా? తర్వాత పెళ్ళి ఫోటోలు. తర్వాత మరదలి పెళ్ళి, దానికీ ఫోటోలు. ఏళ్ళు గడిచాయి. నేను వాయిదా వేస్తూ ఉంటే నా జుట్టు మాత్రం వాయిదా వెయ్యలేదు, దాని దారిన అది దువ్వెనలో చేరింది.

పోయిన నెల కొత్త బ్యాచిని తీసుకుని అదే గేటుకు వెళ్ళాను. ఇప్పుడక్కడ కొత్తవాళ్ళకు పని నేర్పేది కండెలమ్మాయి. నడుం దాకా జడ, దాని మీద కంపెనీ టోపీ. సరదాకు యంత్రం ముందు నిలబడ్డాను. 'ట్రై అగైన్' అంది అది, ఎర్రదీపంతో. కండెలమ్మాయి నా తలను చూసి, "మొక్కు తీర్చేసినారా అన్నా?" అని అడిగింది.

"నేనివ్వలేదమ్మా. ఆయనే తీసుకున్నాడు" అన్నాను.

ఆమె గట్టిగా నవ్వి, సున్నా నంబరు తెరిచి కొత్తగా నా ముఖం ఎక్కించబోయింది. పాతది చెరిపేసే ముందు ఒకసారి చూపించమన్నాను. తెర మీద ఆనాటి కౌన్సెలరు గడ్డం పైకెత్తి, అన్నీ తెలిసినవాడిలా నిలబడి ఉన్నాడు. వాడి క్రాపు నిజంగానే బాగుంది. పక్కన కండెలమ్మాయి జడ సవరించుకుంటోంది. ఆ రోజే ఇచ్చేసి ఉంటే, నాకూ మళ్ళీ మొలిచి ఉండేది.