పిల్లకు తీసిన తరుగు

లెక్క తప్పనివాడు ఒక్కసారి తప్పితే ఇంటిల్లిపాదీ ఎలా మునుగుతారో చెబుతాను. నవ్వు వస్తే ఆపుకోనక్కర్లేదు. మా ఇంట్లో ఎవరూ ఆపుకోలేదు.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా నాది. పచ్చిబెల్లం ఆరితే బరువు తగ్గుతుంది గనక, పదికి ఒక కిలో ముందే తరుగు తీసేస్తాను. నిద్రలో లేపినా నా చెయ్యి తరుగు తీసే లేస్తుంది.

మా హారికకు పదకొండేళ్లప్పుడు, పిల్లల బీఎంఐ చూసుకోమని బడిలో చెప్పారు. పెద్దలకు బరువూ ఎత్తూ చాలు. పిల్లలకు వయసు, ఆడా మగా కూడా కావాలి. అదే ఈడు ఆడపిల్లలను వందమందిని సన్నం నుంచి లావుకు వరుసలో నిలబెడితే మన పిల్ల ఎక్కడుంటుందో, అదే పర్సెంటైల్. ఇదంతా ఫోన్లో చూసి సొంతంగా నేర్చుకున్నాను. (ఈ గర్వం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.)

పిల్లను కాటా ఎక్కించి లెక్క కట్టాను. మూడు వచ్చింది.

"వందలో థర్డా? బానే వచ్చింది నాన్నా," అంది హారిక.

"సన్నం వైపు నుంచమ్మా."

ఆ పూట నుంచి సున్నుండలు మొదలు, ఖోఖో బంద్.

"శుక్రవారం సెలక్షన్లు నాన్నా. ఎల్లకపోతే టీంలోంచి తీసెత్తారు."

"పరిగెడితే ఉన్నది కూడా కరిగిపోద్ది."

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "పిల్ల లేడిపిల్లలా గెంతుతుంటే మీకు సీపురుపుల్లలా కనపడతందేటండీ?"

"కళ్లు మోసం చేత్తాయి. కాటా చెయ్యదు."

ఆవిడ గురువారం మా ఇద్దరినీ ఆటో ఎక్కించి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది.

డాక్టరమ్మ తూచి, ఎత్తు కొలిచి, "పద్దెనిమిదో పర్సెంటైల్. పిల్ల బాగుంది. మీకు మూడెలా వచ్చింది?" అంది.

"ముప్పై కిలోలు తూగిందమ్మా. అందులోంచి మూడు తీసేను."

"ఎందుకు తీశారు?"

"తరుగు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఎండలో ఆరబెడతారా పిల్లని?"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు తూచేస్తే పోయింది.

"ఒక్కసారి వచ్చిన అంకె పట్టుకుని భయపడకండి," అంది డాక్టరమ్మ. "ఏడాదికేడాది ఎలా కదులుతోందో చూడాలి. రేపు ఆటకు పంపండి."

శుక్రవారం హారిక ఎవరి చేతికీ చిక్కలేదు. టీంలోకి తీసుకున్నారు.

ఆ సాయంత్రం కాటా మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను, ఈ జన్మలో మనిషికి తరుగు తీయనని. తర్వాత మిగిలిన సున్నుండలన్నీ తిని నేనే కాటా ఎక్కాను. అంకె చూశాక, ఒట్టులో ఒక్క మినహాయింపు అడిగాను.

మా ఆవిడ ఒప్పుకోలేదు.