నేస్తం కట్టి ఇచ్చిన మూట

కొత్త పుస్తకాల వాసన గురించి ఎవరైనా మురిసిపోతూ మాట్లాడితే నేను అక్కణ్ణించి లేచిపోతాను. నాకు తెలిసిన వాసన వేరు. తడిసిన గోనెసంచులు, ఎండుచేపలు, కిరసనాయిలు, రబ్బరు బూట్లు అన్నీ కలిసిన పాడేరు కొట్టు వాసన అది. జూన్‌లో మొదటి వాన పడితే చాలు, ఇప్పటికీ అదే ముక్కుకి తగిలినట్టై మొహం చిట్లిస్తాను.

తొంభైల చివర్లో మాట. కొండ మీద మా ఊళ్లో అయిదో తరగతి దాకానే బడి ఉండేది. పాడేరులో ఓ ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడివాళ్లు పరీక్ష పెడితే రాశాను, పాసయ్యాను. ఆరో తరగతిలో సీటిచ్చారు, ఉండడానికి హాస్టలూ అక్కడే. మా ఊరి నుంచి అలాంటి బడికి పోబోతున్న మొదటి పిల్లని నేనే. అయితే హెడ్మాస్టరు ఒక మాట గట్టిగా చెప్పాడు. బడి తెరిచిన రోజు పూర్తి యూనిఫారంతో, మొత్తం సామానుతో రావాలి, లేకపోతే సీటు కోసం కాచుకున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లకిచ్చేస్తాం అన్నాడు. అని, ఓ లిస్టు చేతిలో పెట్టాడు.

ఆ లిస్టు రాసినవాడికి బుద్ధుందా అని నాకిప్పటికీ అనుమానమే. రెండు గీతల నోటుబుక్కులు, నాలుగు గీతలవి, గీతల్లేనివి, గళ్లవి. మళ్లీ వాటిలో పొడుగువి, పొట్టివి. నల్లబూట్లు ఒక జత, శనివారానికి తెల్లబూట్లు ఒక జత. టై, బెల్టు, అట్టలెయ్యడానికి ఖాకీ కాగితం, ఆ అట్టల మీద అంటించడానికి లేబుళ్లు. ఏడాదిలో సగం రోజులు బురదలో నడిచే మాకు తెల్లబూట్లట. అదంతా ఇంగ్లీషులోనే రాసుంది. మా అయ్యకి తెలుగు చదవడమే రాదు. కూడబలుక్కుంటూ చదివి చెప్పింది నేనే.

అయ్య మాత్రం ఏమీ కంగారు పడలేదు. "మన నేస్తం ఉన్నాడు గదే. ఆడు సూసుకుంటాడు" అన్నాడు.

నేస్తం అంటే మా కొండల్లో వట్టి స్నేహితుడు కాదు. పెద్దల ముందు మాట ఇచ్చిపుచ్చుకుని కలుపుకునే చుట్టరికం. పాడేరులో కొట్టు పెట్టుకున్న ఓ కిందదేశం, అంటే మైదానం నుంచి వచ్చిన, షావుకారుతో అయ్య నేను పుట్టకముందే నేస్తం కట్టాడు. అప్పట్నించీ మా పసుపు, చింతపండు, పిప్పళ్లు అతని కొట్టుకే. తూకం అడగకూడదు, ధర అడగకూడదు. అతను ఉప్పో, బట్టో, ఎండుచేపలో ఇస్తే అయ్య కళ్లకద్దుకుని తెచ్చేవాడు. ఇచ్చినదాన్ని ఇచ్చినవాడి ఎదుట విప్పి చూడకూడదు. విప్పితే నిన్ను నమ్మడం లేదని మొహాన చెప్పినట్టే. ఈ మర్యాద మా ఇళ్లలో పసిపిల్లలకి కూడా తెలుసు. షావుకారుకి ఇంకా బాగా తెలుసు. ఆ ఎండాకాలమంతా అమ్మా అయ్యా దులిపిన చింతపండు, ఉడికించి ఎండబెట్టిన పసుపు ఆ కొట్టులోకే పోయాయి.

సంత రోజు జీపుకి వేలాడుతూ వెళ్లి దిగాం. కొట్టు ముందు జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు. ఎవరో ఆఫీసరు గారి భార్య గల్లా ముందు నిలబడి స్కర్టులు ఒకటొకటే విప్పించి, కుట్లు లాగి చూసి, బాలేదని విసిరేస్తోంది. షావుకారు "అలాగే అమ్మగారూ" అంటూ పై అర నుంచి వేరేవి దించుతున్నాడు. అన్నీ ముదురు నీలం. మా లిస్టులో ఉన్న రంగూ అదే. ఆవిణ్ణి చూస్తే ఒళ్లు మండింది నాకు. మనిషి ఎదుటే సరుకు అలా విసిరేస్తుందేంటి, సిగ్గులేదా అనుకున్నాను.

మమ్మల్ని చూడగానే షావుకారు మొహమంతా నవ్వు చేసుకున్నాడు. "రా నేస్తం, రా. గుంటకి సీటొచ్చిందట గదా. మా ఇంట్లో పిల్లకి వచ్చినట్టే నాకు" అంటూ నా బుగ్గ పుణికాడు. ఆ వేళ్లకి బెల్లం జిగురు. లిస్టు తీసుకుని, చూసీ చూడనట్టు మడిచి, వెనక గదిలోకి పోయాడు. కాసేపటికి పాత పంచలో బిగించి కట్టిన పెద్ద మూట తెచ్చి, తనే అయ్య భుజం మీద పెట్టాడు. నా చెయ్యి దానంతటదే ముడి మీదికి పోయింది. అయ్య పట్టుకుని లాగేశాడు.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు, నాకొక్కదానికే వినపడేలా. ఆ గొంతులో కోపం కంటే సిగ్గే ఎక్కువుంది.

"బేగి ఎల్లండి నేస్తం, జీపు ఎల్లిపోద్ది" అన్నాడు షావుకారు.

ఇంటికొచ్చి విప్పాం. స్కర్టులు నీలం కాదు, ముదురెరుపు. నోటుబుక్కుల అంచులు చెదలు కొట్టేశాయి. బూట్లు రెండు జతల్లోనూ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. లిస్టులో నీలమని రాసుందని అంటే అయ్య నన్నూ స్కర్టునీ మార్చి మార్చి చూశాడు. "ఏటా అమ్మేవోడు, ఆడికి తెలీదేటి? నువ్వే తప్పు సదివుంటావు" అన్నాడు. మార్చుకొద్దాం అనబోతే అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నేస్తం ఇచ్చింది తిప్పి ఇచ్చామంటే నేస్తం తెంపుకున్నట్టే.

బడి తెరిచిన రోజు ఆ ఎర్ర స్కర్టుతో, చినిగిన కాగితాలు కుక్కిన బూట్లతో పోయాను. హెడ్మాస్టరు ఎగాదిగా చూసి, "రంగు మార్చి ఏడాదైంది. పో, అటు నిలబడు" అని గోడ వైపు వేలు చూపించాడు. "ఈ ఏడు కూడానా" అని పక్కనున్న గుమస్తా నవ్వాడు. అంటే ఇలా పాత రంగుతో వచ్చేవాళ్లుంటారని వాళ్లకి తెలుసు. తెలిసే ఇంగ్లీషులో కాగితమిచ్చి ఊరుకున్నారు.

గోడ వైపు తిరిగి చూశాను. పొడుగునా పిల్లలు నిలబడి ఉన్నారు, అందరూ కొండ మీదివాళ్లే. ఆడపిల్లల స్కర్టులు, మగపిల్లల నిక్కర్లు, అన్నీ నాదే రంగు. అందరి కాళ్ల దగ్గరా పాత పంచల మూటలే. వాళ్ల అయ్యలు గేటు బయట, మాటలు వినపడేంత దూరంలోనే గొంతుక్కూచుని ఉన్నారు.

అయ్య వాళ్ల దగ్గరికి పోయాడు. వేరే కొండ నుంచి వచ్చిన ఒకాయన్ని, సరుకు ఎక్కడ తీసుకున్నావని అడిగాడు. "మా నేస్తం ఇచ్చినాడు" అని అతను కొట్టు గుర్తులు చెప్పాడు. పక్కనున్నాయన తలెత్తి, "నీకూ నేస్తమేనా?" అన్నాడు.

అయ్య మెల్లిగా మొదటాయన్ని అడిగాడు. "మీ ఇంట్లో సావు జరిగినపుడు వచ్చినాడా?"

"వచ్చినాడు."

"ఏడ్సినాడా?"

"మట్టిలో పొర్లి ఏడ్సినాడు" అన్నాడు ఆ వేరే కొండ మీదాయన.

మా నానమ్మ పోయినప్పుడు కూడా షావుకారు అలాగే ఏడ్చాడు. అయ్యే అతన్ని పట్టుకుని ఓదార్చి లేవదీశాడు.

అయ్య వాళ్ల పక్కనే గొంతుక్కూచున్నాడు. లోపలికొచ్చి ఆ హెడ్మాస్టరు గడ్డం పట్టుకుంటాడని, రెండ్రోజులు గడువైనా అడుగుతాడని నేను గోడ దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. అయ్య గేటు బయట అలాగే కూర్చుండిపోయాడు. నేస్తం పోయిన దిగులులో నా సంగతే మరిచిపోయాడు. గుమస్తా నా పేరు కొట్టేసి, ఆ సీటు ఇంకొకళ్లకి రాసేశాడు.