తమ్ముడు పెన్ డ్రైవ్‌లో పెట్టిపోయిన కంప్యూటర్

ఉదయం ప్రార్థన ముగించి మోకాళ్ల మీద నుంచి లేస్తుండగా దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. తమ్ముడు నిద్రలోనే వెళ్లిపోయాడని చెప్పారు. మళ్లీ మోకరించాను. ఆయాసంతో వెల్లకిలా పడుకోలేక కూర్చునే తెల్లవార్చిన మనిషి, చివరికి నిద్రపట్టి పోయాడు. అందుకు మొదట దేవునికి కృతజ్ఞత చెప్పాను. ఏడుపు తర్వాత వచ్చింది.

మేము ముగ్గురం. నేను పెద్దదాన్ని, నా తర్వాత తమ్ముడు, అందరికంటే చిన్నది చెల్లె. కాజీపేటలో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. తమ్ముడు ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాడు. చెల్లె ఇంట్లోనే స్కూళ్ల ప్రశ్నపత్రాలు, చర్చి పాటల కాగితాలు టైపు చేస్తుంది. దాని బతుకుదెరువు అదే. కొన్నేళ్లుగా దాని చూపు తగ్గుతూ వచ్చింది.

చూపు తగ్గినప్పుడల్లా తమ్ముడు దాని కంప్యూటర్‌లో ఏదో ఒకటి మార్చేవాడు. అందులో విండోస్ బదులు ఉన్నది లినక్స్. ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చట. నల్లటి తెర మీద పెద్దపెద్ద పసుపు అక్షరాలు పెట్టాడు. టైపు చేసిన ప్రతి మాటా చదివి వినిపించేలా చేశాడు. పొద్దున్నే "చెల్లె, కండ్లల్ల మందు ఏసుకున్నవా?" అని ఆ కంప్యూటరే మరగొంతుతో అడిగేది.

గుండె బలహీనపడిందని డాక్టర్లు చెప్పాక తమ్ముడికి ఒకటే ఫికర్ పట్టుకుంది. ఇన్నేళ్ల అమరికంతా ఆ ఒక్క పాత పెట్టెలోనే ఉంది. అది చెడిపోయే నాటికి తాను లేకపోతే చెల్లె చేతిలో పని ఉండదు. అందుకని మొత్తం అమరికను ఒక్క ఫైలుగా చేసి, పెన్ డ్రైవ్‌తో ఏ కంప్యూటర్‌లోనైనా ఎవరైనా ఎక్కించుకునేలా తయారుచేయడం మొదలుపెట్టాడు. దాన్ని సొంత డిస్ట్రో అనేవాడు, అంటే తన చేత్తో కూర్చిన లినక్స్ అని.

"పేరేం పెడతానవ్‌రా?" అని అడిగాను.

"పేరు పెడితే చుట్టాలంత బిర్యాని అడుగుతరు అక్కా" అన్నాడు.

ఒకనాడు నా ప్రార్థన అయ్యేదాకా గుమ్మంలో నిలబడి అన్నాడు: "నాకు ఆయుష్షు అడుగుతానవ్ గదా. ఈ ఫైల్ మంచిగ తయారు కావాలని గూడ అడుగు. రెండిట్ల ఒకటన్న ఇస్తడు." ఆ రోజు నుంచి రెండూ అడిగాను.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక పరీక్ష పెట్టాడు. ఎవరిదో పాత కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టి, తాను మంచం మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "నేను నోరు మెదప. నువ్వే ఎక్కియ్యాలె."

"నాకు ఫోన్ల స్టేటస్ పెట్టుడే రాదురా!"

"రాదు గాబట్టే నీకిచ్చిన. నీకొచ్చిందంటె లోకంల అందరికొచ్చినట్టే."

చెల్లె పకపకా నవ్వింది. నేను భయపడుతూనే తెర మీద వచ్చిన ఒక్కో ప్రశ్న చదివి, ఒక్కో మీట నొక్కాను. ఎక్కింది. కానీ తెర మీద చీమల్లాంటి అక్షరాలు, మాట లేదు. చెల్లె ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి వంగి చూసి, "అన్నా, ఇది నాది కాదు" అంది.

తమ్ముడు నుదురు కొట్టుకున్నాడు. చేసిన మార్పులన్నీ పాత కంప్యూటర్‌లో చెల్లె పేరు కిందే ఉండిపోయాయట, కొత్త కంప్యూటర్‌లో కొత్తగా పేరు చేర్చుకున్న మనిషికి అవి రాలేదట. "ఇల్లు కట్టిన గాని, సామానంత పాత ఇంట్లనే ఇడిచిపెట్టిన" అన్నాడు. తర్వాత చెల్లె అమరికలను, కొత్తగా ఎవరు చేరినా వాళ్లకో నకలు అందే చోట పెట్టాడు. మళ్లీ నాతోనే ఎక్కించాడు. ఈసారి పసుపు అక్షరాలు వచ్చాయి. ఆ మధ్యాహ్నం అన్నం అడిగి రెండోసారి వడ్డించుకున్నాడు.

చెల్లెలాగే చూపు తగ్గిన బాబాయి ఒకాయన డోర్నకల్‌లో ఉన్నాడు, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆయనకూ ఒక పెన్ డ్రైవ్ పంపాడు. ఆయన దాన్ని ఎక్కించుకున్న తెల్లారే ఫోన్.

"ఏందిరా, లేవంగనే నీ కంప్యూటర్ నన్ను చెల్లె అంటాంది!"

సామానుతో పాటు చెల్లె మందు మాట కూడా నకలయి వెళ్లిపోయింది. తమ్ముడు నవ్వు ఆపుకుంటూ, "మందైతే ఏసుకున్నవా బాబాయ్?" అన్నాడు.

"అంత మంచిగ అడిగినంక ఏసుకోకుంటె ఎట్ల!"

చెల్లె అన్న పిలుపు తీసేశాడు. మందు మాట ఉంచాల్సిందేనని బాబాయి పట్టుబట్టాడు.

తమ్ముడి జ్ఞాపకార్థ కూడిక అయిన వారానికే పెద్ద ఉరుముల వాన కురిసింది. కరెంటు పోయి వచ్చాక చెల్లె కంప్యూటర్ మళ్లీ లేవలేదు. చెల్లె ఊరికే ఆ బల్ల ముందు కూర్చుంది. పరీక్షల కాలం, టైపు చేయాల్సిన కాగితాలు పక్కన పెట్టి ఉన్నాయి.

చర్చి ఆఫీసులో వాడకుండా ఉంచిన కంప్యూటర్ ఒకటి ఇచ్చారు. పెన్ డ్రైవ్ పెట్టాను. సందేహం వస్తే అడగడానికి మంచం మీద ఎవరూ లేరు. కానీ అడగాల్సిన అవసరం రాలేదు. ప్రశ్నలన్నీ వాడు తెలుగులోకి మార్చి పెట్టాడు, నాకు తెలిసిన మాటల్లోనే. చివరి మీట నొక్కి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నల్లటి తెర మీద పసుపు అక్షరాలు. గుండెల మీది బరువు దిగినట్టయింది. నేను అడిగిన రెండింటిలో ఒకటి దేవుడు ఇచ్చాడు.

చెల్లె కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు మాటలు టైపు చేసి, వాటిని కంప్యూటర్ చదువుతుంటే విన్నది.

"వచ్చిందా?" అన్నాను.

"వచ్చిందక్కా. నువ్విగ పో, నాకు పనుంది."

గుమ్మం దగ్గర ఆగి చూశాను. తెర మీదికి వంగలేదు. కుర్చీకి వీపు ఆనించి, ముఖం కిటికీ వైపు తిప్పి టైపు చేస్తున్నది. బయట వాన వెలిసింది. కాగితాలు ఎగిరిపోకుండా ఒక మోచేయి వాటి మీద పెట్టుకుంది.